పేరు పట్టని పళ్ళెం

మణుగూరు,
3-11-2004

బంగారు అక్కకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. నువ్వూ బావా పిల్లలూ క్షేమమని రాశావు, సంతోషం. ఇక్కడ మీ మరిది, తిరుమల, అత్తమ్మ, నేను అందరం బాగున్నాం. దసరాకి వచ్చి రెండు రోజులే ఉండి వెళ్ళావు. నువ్వు దమ్మపేట బస్సెక్కాక తిరుమల సాయంత్రం దాకా "పెద్దమ్మ ఏది" అంటూ ఇల్లంతా తిరిగింది. నేనూ తిరిగాను. కాకపోతే నేను చేతిలో చీపురు పట్టుకుని తిరిగాను కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

సరే, నీ కోరిక సంగతికి వద్దాం. పెరట్లో నల్లా దగ్గర నేను తోముతుంటే చూశానన్నావు కదా, ముదురు నీలం మీద తెల్ల చుక్కల పళ్ళెం. "ఎంత ముద్దుగా ఉందే! అలాంటిదాంట్లో పులుపు పెట్టినా చిలుము పట్టదట. చింతకాయ తొక్కుకు ఒక పింగాణీ గిన్నె కొని పంపు" అని రాశావు. నువ్వు రాసింది రెండు వాక్యాలు. దాని కోసం నేను పడ్డ తిప్పలు చెప్తాను, విను.

ముందు దాని పేరేమిటో తేలాలి కదా. మనింట్లో అమ్మ పింగాణీ అనేది. అదే మాట మీ మరిదితో అంటే నవ్వాడు. "పింగాణీ అంటే చాయ్ కప్పులే. గిది ఎనామిల్. లోపల ఇనుము, పైన గాజు పూత. మా గని క్యాంటీన్ల మగ్గులు గూడ ఇంతకుముందు గివే ఉండె." పెరట్లోంచి అత్తమ్మ అందుకుంది. "ఎనామిల్ ఏందిరా? తామ్చీని." వాళ్ళ కుసుమంచి వైపు అలాగే అంటారట. పక్క క్వార్టర్ నిర్మలాదేవి గారు ఖమ్మం టౌన్లో పుట్టారు కాబట్టి ఏ పంచాయితీలోనైనా ఆఖరి మాట ఆవిడదే. "అది సిరామిక్ వనజా" అని తేల్చేశారు. ఐదేళ్ళ తిరుమలకు మాత్రం ఏ గొడవా లేదు. దానికది చుక్కల పళ్ళెం.

ఈ పేర్లన్నీ మూట కట్టుకుని సంతకు పోయాను. పింగాణీ అంటే గిన్నెల దుకాణం అతను ఊరగాయ జాడీ చూపించాడు. ఎనామిల్ అంటే "పెయింట్ల దుకాణం అవతలి సందుల ఉన్నది" అన్నాడు. తామ్చీని అంటే రాగి చెంబు తీశాడు. చుక్కల పళ్ళెం అంటే, ప్లాస్టిక్ పళ్ళెమొకటి నా చేతిలో పెట్టి, "ఇంతకంటె ఎక్కువ చుక్కలు కావాల్నంటే ఆకాశం దిక్కే చూడాలె అక్కా" అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి దుకాణం లోపల కూర్చున్న ముసలాయనకు అర్థమైంది. "గవి బందై శాన దినాలైంది బిడ్డా. ఇప్పుడు అంత స్టీలే. దవాఖానాలల్ల తప్ప గవి ఎవ్వలు వాడ్తరు?"

ఆ మాట విన్నాక నేనింకేమీ అడగకుండా ఇంటికొచ్చేశాను.

మా పళ్ళెమే పంపుదామన్నా దాని అంచున శనగ గింజంత పెచ్చు ఊడిపోయింది. లోపలి ఇనుము నల్లగా కనిపిస్తుంది. అలాంటిదాంట్లో పులుపు పెట్టకూడదు. నువ్వొక మంచి జాడీ కొనుక్కో. ఇంకేదైనా అడుగు అక్కా, ఆ పళ్ళెం మాత్రం అడగకు.

నీ చెల్లెలు,
వనజ


మణుగూరు,
22-11-2004

అక్కా, నా అక్కా,

నీ జవాబు మూడు రోజులుగా నా దిండు కింద ఉంది. నీకు నా ఉత్తరంలో నవ్వు కనిపించలేదన్నావు. "దసరా రోజు అందరూ తిన్నాక నువ్వొక్కదానివే పెరట్లో ఎందుకు కూర్చున్నావు? పెళ్ళికి మేమిచ్చిన స్టీలు పళ్ళెం ఏమైంది?" అని అడిగావు. చిన్నప్పుడు నేను బెల్లం దొంగిలిస్తే కూడా నువ్వు ఇలాగే అడిగేదానివి, మూతి చూడకుండా చేతులు చూసి.

నీకు అబద్ధం చెప్పాను. పోయిన జనవరిలో నాకొచ్చింది నిమ్ము కాదు, టీబీ. ఎస్టీడీ బూత్‌కు పోయి చెప్పే మాట కాదు, వెనక నలుగురు నిలబడి ఉంటారు. ఉత్తరంలో రాద్దామని ఎన్నిసార్లో కలం పట్టుకున్నాను. అమ్మకు తెలిస్తే మంచం పడుతుందని ఒక సాకు చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. తెలిస్తే నువ్వు కూడా నాకు వేరే కంచం పెడతావేమోనని భయం.

ఆరు నెలలు మాత్రలు మింగాను. మందులిచ్చే అమ్మాయి ఎదురుగా నిలబడి, మింగాక నోరు తెరిపించి మరీ చూసేది. ఆగస్టులో మళ్ళీ తెమడ పరీక్ష చేశారు. ఏమీ లేదు. "ఇక మామూలుగా ఉండమ్మా" అన్నాడు డాక్టరు. ఆ కాగితం మడిచి పసుపు డబ్బా వెనక పెట్టుకున్నాను. రోజుకొకసారి తీసి చూసుకుంటాను. ఎవరైనా అడిగితే చూపిద్దామని. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నేను మంచాన పడ్డానని తెలిసి అత్తమ్మ కుసుమంచి నుంచి వచ్చింది. బట్టల మూటలోనే ఈ చుక్కల పళ్ళెం తెచ్చింది. చూశావా, అంత సిద్ధంగా వచ్చింది. వచ్చిన రోజే నా స్టీలు పళ్ళెం కడిగి, తుడిచి, వంటింటి సజ్జ మీద పెట్టేసింది. 'వనజకు అక్కాబావ, 1997' అని పేరు కొట్టించి ఇచ్చావే, అదే. గోడకున్న పళ్ళేల స్టాండులో మీ మరిది పేరుతో ఒకటి, తిరుమల పేరుతో ఒకటి మిగిలాయి. నా చోటు ఖాళీ. చుక్కల పళ్ళెం పెరటి గట్టు మీద బోర్లించి ఉంటుంది. అందులోనే తినాలి, నేనే తోముకోవాలి, మళ్ళీ గట్టు మీదే పెట్టాలి.

జబ్బున్నప్పుడు నాకేమీ అనిపించలేదు. కూతురికి అంటకుండా ఉంటే చాలనుకున్నాను. ఇది కంచాలతో అంటే జబ్బు కాదని మందులమ్మాయి చెప్పినా, పోనీలే అనుకున్నాను. కానీ తగ్గి మూడు నెలలైంది. సజ్జ ఎంతో ఎత్తు లేదు, చెయ్యి చాపితే అందుతుంది. నేనే దించుకోవచ్చు. దించుకోను. పైన పెట్టిన చెయ్యే దాన్ని దించాలని నాకు పంతం. రోజూ అన్నం వేళకు ఆవిడ చెయ్యి అటు పోతుందేమోనని చూస్తాను. అది అన్నం గిన్నె దగ్గరికి పోతుంది, కూర గిన్నె దగ్గరికి పోతుంది, సజ్జ వైపు మాత్రం పోదు.

ఆవిడ నన్ను తిట్టదు అక్కా. తిడితే బాగుండును, నేనూ రెండు అనేదాన్ని. గుడ్డు ఉడకబెట్టి పెడుతుంది. తలకు నూనె రాస్తుంది. తనేమో మోదుగాకులు తెచ్చి విస్తరి కుట్టుకుని, పెరటి తలుపు దగ్గర ఆ మూల కూర్చుని తింటుంది. ఇంట్లో ఇన్ని పళ్ళేలుండగా అదేం మడో నాకు తెలియదు. మేమిద్దరం పెరట్లో చెరో మూల కూర్చుని, ఒకరి వైపు ఒకరు చూడకుండా నములుతాం. నా వేలు మాత్రం పళ్ళెం అంచున ఆ పెచ్చూడిన చోటుకే పోతుంది. పదకొండు నెలలుగా ఆ గరుకుతోనే నేను అన్నం తింటున్నాను.

మీ మరిదితో ఒకసారి అన్నాను. "గా పళ్ళెం మా ఇంట్ల ముందు నుంచి ఉన్నదే గదా, ఏమైతది?" అన్నాడు. తల్లినీ కాదనడు, నన్నూ కాదనడు. డ్యూటీకి పోతాడు, వస్తాడు, పడుకుంటాడు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. మొన్న ఆదివారం తిరుమల బొమ్మలాట ఆడుతోంది. లక్కపిడతల్లో వండి, మూడు బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టింది. నాలుగో బొమ్మను తీసుకెళ్ళి గుమ్మం అవతల పెట్టింది. దాని ముందు సోడా మూత ఒకటి. "ఇదెవరే?" అన్నాను. "అమ్మ" అంది. నేను ఆ బొమ్మను తీయబోతే నా చెయ్యి పట్టుకుంది. "దాన్ని ముట్టుకోవద్దు. నానమ్మ తిడ్తది."

అదేం తప్పు చేయలేదు. ఇంట్లో చూసిందే ఆడింది. కానీ నేనిక ఇక్కడ ఉండలేను. జనవరి నుంచి నా బిడ్డకు నా చేత్తో ఒక్క ముద్ద పెట్టలేదు. నా ఇంట్లో నేనొక పాత రోగిని, అంతే. వచ్చే పన్నెండో తారీకు ఆదివారం బావను పంపు. నేను బావతో వచ్చేస్తాను, మళ్ళీ రాను. తిరుమలను తేను. గుమ్మం అవతల పెట్టిన బొమ్మ వెంట అది రాదు. బావకు అసలు సంగతి చెప్పి పంపు. చెప్పకుండా పంపితే రేపు మీ ఇంట్లో కూడా నేను దాచుకుంటూ బతకాలి.

ఒక్కటే అడుగుతాను, నిజం రాయి. నీ ఇంట్లో నాకు ఏ కంచం పెడతావు?

నీ వనజ


మణుగూరు,
4-12-2004

మా అక్కకు,

"నా కంచంలోనే తిందువు గాని రావే పిచ్చిదానా" అని ఒక్క వాక్యం రాసి పంపావు. సోమవారం అందింది. వంటింట్లో పొయ్యి వైపు తిరిగి ఏడ్చాను. పొగ లేని గ్యాసు పొయ్యి కాబట్టి ఆ సాకు కూడా చెల్లలేదు.

ఇప్పుడిది గబగబా రాస్తున్నాను, పన్నెండు లోపల నీకు చేరాలని. బావను ఒక్కడినే పంపకు. ఎందుకో చెప్తాను, చివరిదాకా చదువు.

మొన్న బుధవారం పొద్దున పేర్లు కొట్టే సీతయ్య కాలనీకి వచ్చాడు. సైకిల్ స్టాండేసి, మా వరండా గట్టు మీదే కూర్చుని, చిన్న ఉలీ సుత్తీ తీసి నిర్మలాదేవి గారి కొత్త గిన్నెల మీద పేర్లు కొడుతున్నాడు. ఆ టకటక వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అలాగే లేచి పెరట్లోకి పోయి, చుక్కల పళ్ళెం తెచ్చి సీతయ్య ముందు దబ్బున పెట్టాను. వరండాలో అత్తమ్మ మోదుగాకులు కుడుతోంది. ఆవిడకు వినపడాలనే గట్టిగా అన్నాను. "దీని మీద నా పేరు కొట్టు సీతయ్యా. బతికినంత కాలం నాకు గిదే కదా."

సీతయ్య పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ దాని మీద ఉలి పెడితే పెచ్చు లేస్తదమ్మా. స్టీలైతే పేరు పడ్తది, ఇత్తడైతే పడ్తది. గిది పేరు పట్టని పళ్ళెం."

నేను ఇంకేదో అనబోయేలోపే అత్తమ్మ తలెత్తకుండా అంది. "వాడు అబద్ధం చెప్తలేడు. నేను గూడ ఒకపారి అడిగిన."

నాకు అర్థం కాలేదు. ఆవిడ లేచి వచ్చి, పళ్ళెం తీసుకుని, అంచున ఆ నల్లమచ్చ మీద బొటనవేలు పెట్టింది. ఎన్నేళ్ళుగానో అలవాటైన చోటు మీద పెట్టినట్టు, చూడకుండానే పెట్టింది.

"ఇగో, గీ పెచ్చు గప్పుడు లేసిందే. మా ఊళ్ళె శివరాత్రి తిరునాళ్ళకు పేర్లు కొట్టెటోడు వచ్చిండు. నాకు గూడ నీ లెక్కనే కోపమొచ్చింది. కొట్టమన్న. ఒక్క దెబ్బకే పెచ్చు ఎగిరింది. 'అమ్మా, ఇంక నా తోటి కాదు' అన్నడు."

అక్కా, ఆ పళ్ళెం ఆవిడది. మీ మరిది ఎనిమిది నెలల పిల్లాడుగా ఉన్నప్పుడు ఆవిడకు క్షయ వచ్చింది. పశువుల కొట్టంలో మంచం వేశారు. ఆవిడ కంచు పళ్ళెం ఆడబిడ్డకు ఇచ్చేసి, సంతలో ఇది కొని తెచ్చి పెట్టింది వాళ్ళత్త. ఖమ్మం తీసుకెళ్ళి సూదులేయించారు, తగ్గింది. కొట్టంలోంచి ఇంట్లోకి వచ్చింది. పళ్ళెం మాత్రం మారలేదు. పిల్లాడికి నాయనమ్మే తినిపించేది. ఎవరికీ చెప్పకూడని జబ్బు కాబట్టి వాడికీ చెప్పలేదు. అందుకే మీ మరిదికి అది "ముందు నుంచి ఉన్న పళ్ళెం". పండగలకు కుసుమంచి వెళ్ళినప్పుడు ఆవిడ అందరూ తిన్నాక దొడ్లో కూర్చుని తినడం నేనూ చూశాను. ఏ పళ్ళెంలో తింటోందో ఏడేళ్ళలో ఒక్కసారైనా చూడలేదు. ఎవరూ చూడలేదు. నాకు జబ్బని తెలియగానే తన పళ్ళెం తెచ్చి నాకిచ్చి, తను ఆకుకు మారింది. స్టాండులో స్టీలు పళ్ళేలున్నాయని, వాటిలో తాను తినొచ్చని ఆవిడకు తోచనే లేదు.

సీతయ్య ఉలి పక్కన పెట్టి తల వంచుకున్నాడు. నేను అడిగాను. "గింత పడ్డదానివి, మళ్ళ నాకెందుకు పెట్టినవ్ అత్తమ్మా?"

"పిల్ల మీదికి వస్తదేమోనని భయమైంది బిడ్డా. నా కొడుకు ప్రభాకర్ బతికిండంటే నన్ను దూరం పెట్టబట్టే అని మా అత్త చెప్పేది. నేను గదే నమ్మిన."

"నాకు తగ్గి మూడు నెలలాయె గదా. నా పళ్ళెం ఎందుకు దించలే?"

ఆవిడ నా వైపు చూసింది. పట్టుకుని ప్రశ్నలడిగితే భయపడే చిన్నపిల్లలా చూసింది. "ఎప్పుడు దించాల్నో నాకు తెల్వదు వనజా. నాకు ఎవ్వలు దించలే. మా అత్త దించుమనకుండనే పోయింది. ఆమె పోయినంక ఎవ్వల్ని అడగాలె?"

పదకొండు నెలలుగా నేను ఆవిడ చెయ్యి సజ్జ వైపు పోతుందేమోనని చూశాను. ఆవిడ ముప్పై రెండేళ్ళుగా ఎవరి చెయ్యైనా కదులుతుందేమోనని చూసింది. నేను నీకు రాసిన ఉత్తరం, అందులో అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి ఇంకో మాట అడిగింది. "మందులిచ్చే పిల్ల చెప్తుంటె నేను ఇన్న. పళ్ళేలతోటి అంటదట గదా గా జబ్బు. నిజమేనా?"

ఆ మాట ఆవిడ మొహాన కొట్టాలని ఎన్ని నెలలుగా నోట్లో పెట్టుకుని తిరిగానో నీకు తెలుసు. తీరా ఇప్పుడు ఆవిడే అడిగింది. నిజమే అత్తమ్మా అంటే ఆవిడ ముప్పై రెండేళ్ళు ఏమైపోవాలి? కొడుకు బతకాలని కొడుక్కి ముద్ద పెట్టకుండా ఉన్న మనిషికి, అక్కర్లేకపోయిందని నేనెలా చెప్పను? "అప్పటి జబ్బు వేరు, ఇప్పటి జబ్బు వేరు అత్తమ్మా. అప్పుడు మందులు గిట్లాంటివి లేకుండె. నువ్వు దూరముండుడే మంచిదైంది" అన్నాను. ఆవిడ నమ్మిందో, నాకోసం నమ్మినట్టు ఊరుకుందో తెలియదు. నీకు చెప్పిన అబద్ధానికి ఏడాదంతా కుమిలాను అక్కా. ఈ అబద్ధానికి నాకు బాధ లేదు.

తర్వాత పసుపు డబ్బా వెనక నుంచి నా కాగితం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడకు చదువు రాదు. అయినా రెండు చేతులతో పట్టుకుంది. "అయిపోయింది అత్తమ్మా. నాకూ అయిపోయింది, నీకూ అయిపోయింది" అన్నాను.

పంతం అక్కడే వదిలేసి సజ్జ మీది పళ్ళెం నేనే దించాను. కోపం తెచ్చుకోకు, నువ్విచ్చిన పళ్ళెం మీద ఇంకో పేరెక్కింది. 'వనజకు అక్కాబావ' కింద 'పిచ్చమ్మ' అని అత్తమ్మ పేరు కొట్టాడు సీతయ్య. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

మధ్యాహ్నం ఆ పళ్ళెంలోనే ఇద్దరికీ కలిపి అన్నం పెట్టుకుని, వంటింట్లో, మధ్యలో కూర్చున్నాం. బడి నుంచి వచ్చిన తిరుమల గుమ్మంలో ఆగిపోయింది. "నానమ్మా, ముట్టుకోవచ్చా?" అంది. ఆవిడ తలూపింది. నేను ముద్ద కలిపి పెట్టాను. పప్పన్నమే. అది నమిలి, మింగి, "ఇంకోటి" అంది. మూడు గంటలకు మీ మరిది ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చాడు. జరిగింది చెప్పాను. తల్లి ముద్ద పట్టుకుని నిలబడితే, ముప్పై మూడేళ్ళ మనిషి, నోరు తెరవడానికి సిగ్గుపడ్డాడు. తెరిచాక మూసుకోలేక ఏడ్చాడు.

చుక్కల పళ్ళెం పారేద్దామన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు, మంచిదే కదా అంది. ఇప్పుడందులో ముగ్గు పిండి పోసి గుమ్మం పక్కన పెట్టాం. ఇంట్లో అందరం దాన్ని ముగ్గు పళ్ళెం అంటున్నాం, నిర్మలాదేవి గారితో సహా.

పన్నెండున నువ్వూ బావా ఇద్దరూ రండి. నన్ను తీసుకుపోవడానికి కాదు, ఇక్కడ తిని పోవడానికి. వచ్చేటప్పుడు నీ చింతకాయ తొక్కు తీసుకురా, అత్తమ్మకు పులుపంటే ఇష్టమట. మొన్నే తెలిసింది.

అన్నీ సర్దుకున్నాయని అనుకోకు. నిన్న మధ్యాహ్నం నేను కూర దించి చూసేసరికి ఆవిడ మళ్ళీ విస్తరి తీసుకుని పెరటి మూలకు పోయి కూర్చుంది. అలవాటు. వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఇవాళా అంతే. రేపూ పోతుంది. రోజూ పిలవాలి అక్కా. పిలుస్తున్నాను.

నీ చెల్లెలు,
వనజ